చపాతీ మానిపించే ముందు: గ్లూటెన్‌కూ నాడులకూ ఉన్న సంబంధం ఏమిటి?



గత టర్మ్ పేరెంట్స్ మీటింగులో ఏడో తరగతి బాబు వాళ్లమ్మగారు ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి ఒక మాట అడిగారు. "మావాడికి మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి వస్తోందండీ. క్లాసులో మనసు నిలవడం లేదంటాడు. గోధుమల్లో ఉండే గ్లూటెన్ మెదడును దెబ్బతీస్తుందని ఫోన్లో ఒక వీడియో చూశాను. మూడు వారాల నుంచి చపాతీ, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ మానిపించాను. స్కూలు క్యాంటీన్లో కూడా పెట్టొద్దని చెప్పగలరా?"

అదే రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నగారు వేరే మాట చెప్పారు. "పాపకు హిమోగ్లోబిన్ ఎప్పుడూ తక్కువేనండీ. ఏడాదిగా ఐరన్ మందు వాడుతున్నా పెరగడం లేదు. తోటి పిల్లలంతా పొడుగైపోయారు, ఇది అలాగే ఉండిపోయింది. ఈమధ్య అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయంటోంది. బలహీనత అనుకుంటున్నాం." కడుపునొప్పి, విరేచనాల వంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగితే అలాంటివేమీ లేవన్నారు.

మొదటివారు గ్లూటెన్‌ను గట్టిగా అనుమానించారు. రెండోవారు ఆ పేరే వినలేదు. ఈ ఇద్దరికీ సరిపోయే సమాధానం ఒకటే ఉంది. అది చెప్పడానికే ఈ నెల ఆరోగ్య పాఠం. ఇద్దరు పిల్లల సంగతీ ఏమైందో వాళ్ల తల్లిదండ్రుల అనుమతితో చివర్లో చెబుతాం.

ముందు వంటింట్లో ఒక ప్రయోగం

ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఇది చేసి చూడండి. ఒక కప్పు మైదాను చపాతీ ముద్దలా కలిపి అరగంట నాననివ్వండి. తర్వాత గిన్నెడు నీళ్లలో ఆ ముద్దను మెల్లగా పిసుకుతూ కడగండి. పాలలాంటి తెల్లటి నీళ్లు దిగుతాయి. అది పిండిపదార్థం. నీళ్లు మారుస్తూ పది నిమిషాలు కడిగితే చేతిలో చూయింగ్ గమ్‌లా సాగే జిగురు ముద్ద ఒకటి మిగులుతుంది. అదే గ్లూటెన్. గోధుమలోని మాంసకృత్తుల కలయిక అది.

ఇప్పుడు జొన్నపిండి ముద్దను అలాగే కడగండి. ముద్ద విడిపోతుంది, చేతిలో జిగురేమీ మిగలదు. జొన్నరొట్టెను చపాతీలా కర్రతో పలచగా ఒత్తడం కష్టం కావడానికి కారణం ఇదే. అందుకే దాన్ని వేడినీళ్లతో కలిపి చేత్తో తడతాం. గ్లూటెన్ గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉంటుంది. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్నల్లో ఈ రకం గ్లూటెన్ ఉండదు.

గ్లూటెన్ విషం కాదు. కోట్లమంది రోజూ తింటున్నారు, అరిగించుకుంటున్నారు. అయితే మన జీర్ణరసాలు దాన్ని పూర్తిగా ముక్కలు చేయలేవు. కొన్ని పొడవాటి ముక్కలు అలాగే మిగిలిపోతాయి. చాలామందికి వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు. కొంతమందిలో మాత్రం శరీర రక్షణ వ్యవస్థ ఆ ముక్కలను శత్రువుగా పొరబడి యుద్ధం మొదలుపెడుతుంది. ఆ యుద్ధంలో దెబ్బతినేది సొంత పేగే. దీన్నే సీలియాక్ వ్యాధి అంటారు. పదో తరగతి జీవశాస్త్రంలో పిల్లలు చదివే ఆంత్రచూషకాలు ఈ వ్యాధిలో అరిగిపోయి చదునైపోతాయి. తిన్న తిండిలోని ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం వంటివి ఒంటికి పట్టవు. ఎంత తిన్నా పిల్లవాడు ఎదగడు.

రొట్టె దొరకని చలికాలం నేర్పిన పాఠం

ఈ జబ్బు గురించి లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే వివరంగా రాశారు. నయం కావాలంటే అది ఆహారం ద్వారానే జరగాలని కూడా చెప్పారు. ఏ ఆహారమో మాత్రం తేలలేదు.

తేల్చినవారు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికే. గోధుమ మీద ఆయనకు 1930లలోనే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల ఆ దేశపు పశ్చిమ ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు మాత్రం కుదుటపడ్డారు. మళ్లీ రొట్టె రాగానే వాళ్ల జబ్బు తిరగబెట్టింది. ఆయన తన పరిశీలనలను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు. మందు లేని ఆ జబ్బుకు గోధుమ మానడమే వైద్యమని అలా తెలిసింది. ఈనాటికీ ఈ వ్యాధికి ప్రధాన చికిత్స అదే.

కడుపు జబ్బు నాడుల దాకా ఎలా వెళ్లింది?

చాలాకాలం దీన్ని కేవలం పేగు జబ్బుగానే చూశారు. 1966లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వైద్యులు కుక్, స్మిత్ ఒక వ్యాసం ప్రచురించారు. సీలియాక్ వ్యాధితో పాటు నాడుల సమస్యలూ ఉన్న 16 మంది పెద్దవాళ్ల వివరాలు అందులో ఉన్నాయి. నడకలో తూలడం, కాళ్లు చేతుల్లో స్పర్శ తగ్గడం వారిలో ముఖ్యంగా కనిపించాయి. విటమిన్ల లోపం ఒక్కదానితోనే వాటిని వివరించడం వారికి కుదరలేదు.

1996లో షెఫీల్డ్ నగరానికి చెందిన న్యూరాలజిస్టు మారియోస్ హాజీవసిలియూ, ఆయన బృందం ప్రశ్నను తిరగేసి అడిగారు. సీలియాక్ రోగుల్లో నాడుల సమస్యలు వెతకడం కాదు, కారణం తెలియని నాడుల జబ్బుతో వచ్చినవారి రక్తంలో గ్లూటెన్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు ఉన్నాయేమో చూశారు. కారణం తెలియనివారిలో 57 శాతం మందికి అవి కనిపించాయి. జబ్బుకు కారణం ముందే తెలిసినవారిలో 5 శాతం మందికే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉండి రక్తదానం చేసినవారిలో 12 శాతం మందికి ఉన్నాయి.

ఈ మూడు అంకెలను కలిపి చదవాలి. మొదటిది చూస్తే సంబంధం ఉందనిపిస్తుంది. మూడోది జాగ్రత్త చెబుతుంది. ఏ జబ్బూ లేనివారిలోనూ ఆ యాంటీబాడీలు ఉండవచ్చు. కాబట్టి ఒక రక్తపరీక్షలో అవి కనబడగానే "నీ తలనొప్పికి గోధుమే కారణం" అని తీర్పు చెప్పడం తప్పు. ఆ తర్వాత వచ్చిన పరీక్షలు ఇంతకంటే నిక్కచ్చిగా ఉన్నాయి. వాటి గురించి ముందు చెబుతాం.

నాడులకు దెబ్బ తగలడానికి వైద్యులు రెండు దారులు చెబుతారు. ఒకటి చుట్టుదారి. పేగు పాడై ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిను, రాగి వంటివి ఒంటబట్టక నాడులు నీరసిస్తాయి. రెండోది నేరుగా పడే దెబ్బ. పేగులో శరీరం పొరబడి దాడిచేసే ఎంజైము పేరు టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్. అదే కుటుంబానికి చెందిన మరో ఎంజైము నాడీకణాల్లో ఉంటుంది. కొందరిలో యాంటీబాడీలు దాని మీదకూ వెళతాయి. మన నడకను, ఒంటి పట్టును అదుపుచేసే చిన్న మెదడులోని కణాలు అప్పుడు దెబ్బతింటాయని భావిస్తున్నారు.

ఏ లక్షణాలకు నిజంగా సంబంధం ఉంది?

అన్నీ ఒకే గాటన కట్టకుండా విడివిడిగా చూద్దాం.

నడకలో తూలడం: దీన్ని గ్లూటెన్ అటాక్సియా అంటారు. నడుస్తుంటే అడుగు తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది, చేతి పనుల్లో పట్టు తప్పుతుంది. ఇది ఎక్కువగా 50 ఏళ్ల వయసు ప్రాంతంలో బయటపడుతుంది. పిల్లల్లో చాలా అరుదు. ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలకు కారణం తెలియకుండా ఈ లక్షణాలు ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. ఆలస్యమైతే చనిపోయిన కణాలు తిరిగి రావు.

తిమ్మిర్లు, మంటలు: అరికాళ్లు, అరచేతుల్లో సూదులు గుచ్చినట్టు ఉండటం. ఇది కూడా పెద్దల్లోనే ఎక్కువ. అయితే పిల్లల్లోనూ కనిపించవచ్చు.

తలనొప్పి: సీలియాక్ ఉన్నవారిలో తలనొప్పి, మైగ్రేన్ మామూలు వారికంటే ఎక్కువ. కానీ తలనొప్పి ఉన్న పిల్లల్లో అత్యధికులకు కారణం వేరే ఉంటుంది. చూపు సమస్య, నిద్ర చాలకపోవడం, టిఫిన్ తినకుండా రావడం, నీళ్లు తాగకపోవడం ముందు చూడాలి.

మూర్ఛ: మెదడు వెనుక భాగంలో సున్నం పేరుకుని, మూర్ఛ వస్తూ, సీలియాక్ కూడా ఉన్న పిల్లలను ఇటలీ వైద్యులు 1992లో గుర్తించారు. ఇది చాలా అరుదు. మూర్ఛ మందులు వాడుతున్న పిల్లలకు గోధుమ మానిపించి మందులు ఆపేయడం ప్రాణాపాయం. అలా ఎప్పుడూ చేయకండి.

మెదడు మొద్దుబారినట్టు ఉండటం, చిరాకు, అలసట: సీలియాక్ ఉన్నవారు ఈ మాట తరచుగా చెబుతారు. పిల్లల్లో దీనికి రక్తహీనత కూడా తోడవుతుంది. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లవాడు క్లాసులో కూర్చోగలడు గానీ మనసు పెట్టలేడు.

ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. గ్లూటెన్ మానిపిస్తే ఈ రెండూ తగ్గుతాయని చెప్పేవారు చాలామంది ఉన్నారు. పద్ధతి ప్రకారం చేసిన అధ్యయనాల్లో అందుకు గట్టి ఆధారం దొరకలేదు. ఆ పిల్లవాడికి విడిగా సీలియాక్ ఉంటే అది వేరే సంగతి. లేకపోతే, అసలే నాలుగైదు పదార్థాలు తప్ప ముట్టని పిల్లవాడి కంచంలోంచి ఇంకొన్ని తీసేసినట్టవుతుంది. థెరపీకి వెచ్చించాల్సిన సమయం, డబ్బు పథ్యానికి పోతాయి.

గోధుమ పడకపోవడంలో మూడు రకాలు

మొదటిది సీలియాక్ వ్యాధి. పైన చెప్పినది ఇదే. రక్తపరీక్షలో, పేగు పరీక్షలో తేలుతుంది. జీవితాంతం గ్లూటెన్ పూర్తిగా మానాలి.

రెండోది గోధుమ అలర్జీ. తిన్న కొద్ది నిమిషాల్లో, లేదా ఒకటి రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం రావచ్చు. ఇది అలర్జీ నిపుణులు చూడాల్సింది.

మూడోది సీలియాక్ కాని గ్లూటెన్ సున్నితత్వం. మొదటి రెండూ లేవని తేలాక కూడా గోధుమ తింటే కడుపుబ్బరం, తలనొప్పి, అలసట వస్తున్నాయని చెప్పేవారు ఈ కోవలోకి వస్తారు. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఏదీ లేదు. పైగా వీరిలో అందరికీ గ్లూటెనే కారణం కాదు. 2018లో నార్వే పరిశోధకులు ఇలాంటి 59 మందికి ఏమి పెడుతున్నారో చెప్పకుండా గ్లూటెన్ ఒకసారి, ఫ్రక్టాన్ అనే పదార్థం ఒకసారి, రెండూ లేనిది ఒకసారి తినిపించి చూశారు. ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టాన్. అది గోధుమలో ఉంటుంది, ఉల్లిపాయ, వెల్లుల్లిలోనూ ఉంటుంది. కాబట్టి గోధుమ మానగానే కడుపు తేలికైందంటే దోషం గ్లూటెన్‌దేనని రుజువైనట్టు కాదు.

అన్నం తినే మనకు ఇది వస్తుందా?

వస్తుంది, కానీ ఉత్తరాది కంటే చాలా తక్కువ. మన దేశంలో మూడు ప్రాంతాల్లో ఇరవై మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. ఈ వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం మూడు చోట్లా సుమారు మూడో వంతు మందికి ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిలో రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిలో 25 గ్రాములే తింటున్నారు.

జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రాదు. ఉన్నవారిలో కొద్దిమందికే వస్తుంది. అయితే మన ఇళ్లలో కంచం మారుతోంది. రాత్రికి చపాతీ, పొద్దున బ్రెడ్డు, సాయంత్రం నూడుల్స్, స్కూలు బ్యాగులో బిస్కెట్ ప్యాకెట్. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలూ మన తరగతుల్లో ఉన్నారు. కాబట్టి "మన వైపు ఈ జబ్బు లేదు" అని కొట్టిపారేయనక్కర్లేదు. ప్రతి తలనొప్పికీ దాన్నే తలచుకోనక్కర్లేదు కూడా.

ముందు పరీక్ష, ఆ తర్వాతే పథ్యం

ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. పరీక్షకు ముందు గోధుమ మానిపించకూడదు.

కారణం సులభమే. గ్లూటెన్ తింటున్నప్పుడే రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి, పేగులో గాయం కనబడుతుంది. మానేస్తే యాంటీబాడీలు మెల్లగా తగ్గిపోతాయి, పేగు మానడం మొదలుపెడుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. దొంగను వెళ్లగొట్టి ఆ తర్వాత ఇల్లు సోదా చేసినట్టుంటుంది.

ఇప్పటికే మానిపించి ఉంటే డాక్టరు సలహాతో మళ్లీ మొదలుపెట్టాలి. కనీసం ఆరు వారాలపాటు రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గోధుమ తిన్న తర్వాత పరీక్ష చేయించాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. తినగానే పిల్లవాడికి ఇబ్బంది ఎక్కువైతే ఎంతకాలం తినిపించాలో డాక్టరే నిర్ణయిస్తారు. అలర్జీ అనుమానం ఉంటే మాత్రం సొంతంగా మళ్లీ పెట్టకండి.

మొదటి పరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. మామూలు రక్తపరీక్షే. దానితో పాటు మొత్తం ఐజీఏ ఎంత ఉందో కూడా చూడమని అడగండి. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువగా ఉంటుంది. అలాంటివారిలో మొదటి పరీక్ష తప్పుగా నెగటివ్ రావచ్చు. టీటీజీ ఎక్కువగా ఉంటే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. పిల్లల్లో టీటీజీ మామూలు పరిమితికి పది రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో మరో యాంటీబాడీ కూడా ఉంటే, ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించే పద్ధతి కూడా ఉంది. వెంట్రుకలు, లాలాజలం పంపితే గ్లూటెన్ సంగతి చెబుతామనే కిట్లను నమ్మి డబ్బు పోసుకోకండి.

పరీక్ష ఎవరికి అడగాలి? ఈ కింది వాటిలో ఏదైనా ఉంటే పిల్లల డాక్టరును అడగండి.

- ఐరన్ మందు సరిగా వాడినా తగ్గని రక్తహీనత
- ఎత్తు, బరువు పెరగడం ఆగిపోవడం, యుక్తవయసు లక్షణాలు ఆలస్యం కావడం
- ఎంతకీ తగ్గని విరేచనాలు, మలబద్ధకం, కడుపుబ్బరం
- కారణం దొరకని తిమ్మిర్లు, తూలే నడక, పైన చెప్పిన లక్షణాలతో పాటు వచ్చే తలనొప్పి
- తల్లికి, తండ్రికి, తోబుట్టువులకు సీలియాక్ ఉండటం
- టైప్ 1 మధుమేహం, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉండటం

జబ్బు తేలితే ఇంట్లో, బడిలో

సీలియాక్ అని తేలితే కొంచెం కూడా తినకూడదు. "పండగ కదా, ఒక్క బొబ్బట్టు" అనడానికి లేదు. అయితే తెలుగువారి వంటిల్లు ఈ పథ్యానికి బాగా సాయపడుతుంది. అన్నం, పప్పు, కూర, పెరుగు, ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంకటి, అరిసెలు, సున్నుండలు ఏవీ వదులుకోనక్కర్లేదు.

పొరపాటు జరిగేది కొన్ని చోట్ల. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది. సేమ్యా, బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు, మైసూరు బోండా గోధుమ లేదా మైదాతో చేసినవి. కొందరు దోసె పిండిలో, పునుగుల పిండిలో మైదా కలుపుతారు. డబ్బాలో దొరికే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలిసి ఉంటుంది, లేబుల్ చూడండి. పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. ఫ్రైడ్ రైసులో అన్నానికి దోషం లేదు, అందులో పోసే సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. చపాతీ ఒత్తిన పీట మీదే జొన్నరొట్టె తట్టినా, పూరీలు వేయించిన నూనెలోనే వడలు వేసినా గ్లూటెన్ అంటుకుంటుంది. ఓట్స్ మిల్లులో గోధుమతో కలిసే అవకాశం ఉంది కాబట్టి డాక్టరును అడిగే వాడాలి.

మన దేశ నిబంధనల ప్రకారం "గ్లూటెన్ రహితం" అని రాసుకోవాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే ఆ ముద్ర ఉన్న బిస్కెట్లు, కేకులు మంచివనేమీ లేదు. వాటిలో పీచు తక్కువ, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉండటం మామూలే. జబ్బు లేని పిల్లవాడికి అవి కొనడంలో లాభం లేదు.

నిర్ధారణ అయిన పిల్లల రిపోర్టు నకలు క్లాస్ టీచరుకు, స్కూలు నర్సుకు తప్పక ఇవ్వండి. క్యాంటీన్‌కు, పిక్నిక్ వెళ్లే బృందానికి మేమే చెబుతాం. ఈ విషయం దాచాల్సింది కాదు. అంటువ్యాధి అసలే కాదు.

ఆ ఇద్దరు పిల్లల సంగతి

ఏడో తరగతి బాబును డాక్టరుకు చూపించారు. మూడు వారాలు గోధుమ మానినా తలనొప్పి అలాగే ఉందని అక్కడ అడిగితే గానీ ఇంట్లోవాళ్లు గమనించుకోలేదు. డాక్టరు చపాతీ మళ్లీ పెట్టమన్నారు, ఈలోగా కళ్లు చూపించమన్నారు. దూరపుచూపు తగ్గిందని తేలింది. బోర్డు మీది అక్షరాలు కనబడక కళ్లు చికిలించి చూస్తున్నాడు. అద్దాలు వచ్చాయి. రాత్రి పదకొండు దాకా ఉండే ఫోను తొమ్మిదింటికే హాల్లోకి వచ్చేసింది. రెండు నెలల తర్వాత చేసిన సీలియాక్ పరీక్ష నెగటివ్ వచ్చింది. తలనొప్పి మాట ఇప్పుడు ఎప్పుడో గానీ వినబడదు. "వీడియో చూసిన రోజే కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లి ఉంటే సరిపోయేది" అన్నారు వాళ్లమ్మగారు. ఆవిడ తప్పేమీ లేదు. పిల్లవాడి బాధను పట్టించుకున్నారు, అడిగారు.

ఎనిమిదో తరగతి అమ్మాయికి టీటీజీ చాలా ఎక్కువగా వచ్చింది. ఎండోస్కోపీలో సీలియాక్ అని ఖాయమైంది. ఏడాదిగా వాడిన ఐరన్ మందు మంచిదే, దాన్ని పీల్చుకోవలసిన పేగే పనిచేయలేదు. గోధుమ పూర్తిగా మాని ఆరు నెలలైంది. హిమోగ్లోబిన్ పెరుగుతోంది. బడిలో ఎత్తు కొలిచే గోడ మీద ఆమె గీత కదిలింది. తిమ్మిర్లు తగ్గుతున్నాయి గానీ పూర్తిగా పోలేదు. నాడులు కోలుకోవడానికి పేగు కంటే ఎక్కువ కాలం పడుతుందని డాక్టరు ముందే చెప్పారు. తరగతిలో ఎవరి పుట్టినరోజైనా కేకు వస్తే ఆమె కోసం టీచర్ బీరువాలో పల్లీ చిక్కీ ఉంటుంది. మొదటి నెల అందరూ అడిగారు, ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. చెల్లెలికి కూడా పరీక్ష చేయించారు. ప్రస్తుతానికి నెగటివ్.

ఒకరికి గోధుమ దోషం లేదని తెలియడమే మేలైంది. ఇంకొకరికి ఉందని తెలియడం మేలైంది. రెండిళ్లలోనూ మేలు చేసింది పరీక్షే.

ఈ నెల గుర్తుంచుకోవాల్సినవి

- గ్లూటెన్ కొంతమందిలో నాడులను కూడా ఇబ్బంది పెట్టగలదు. కడుపు లక్షణాలు లేకుండానే అలా జరగవచ్చు.
- పిల్లల తలనొప్పికి, పరధ్యానానికి ఎక్కువగా కారణాలు వేరే ఉంటాయి. చూపు, నిద్ర, టిఫిన్, రక్తహీనత ముందు చూడండి.
- పరీక్ష చేయించకుండా గోధుమ మానిపించకండి. ఇప్పటికే మానిపిస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.
- ఏ జబ్బుకైనా వాడుతున్న మందులను పథ్యం పేరుతో ఆపకండి.
- ఐరన్ వాడినా రక్తం పెరగకపోతే "బలహీనత" అని సరిపెట్టుకోకండి. ఎందుకు పెరగలేదో డాక్టరును అడగండి.

మీ పిల్లల ఎత్తు, బరువు వివరాలు టర్మ్ హెల్త్ కార్డులో ఉంటాయి. గత మూడు టర్ముల అంకెలు పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. పెరుగుదల ఆగినట్టు అనిపిస్తే ఆ కార్డు తీసుకుని పిల్లల డాక్టరును కలవండి. సందేహాలుంటే స్కూలు నర్సును ఏ పనిదినమైనా అడగవచ్చు.

మీ పాఠశాల ఆరోగ్య విభాగం